కోవిల్‌పట్టి విమాన బడి కంటే ముందు షెడ్డు లెక్క తేలాలి

కోవిల్‌పట్టి దగ్గర ఒక చిన్న రన్‌వే ఉన్న సంగతి మన ఊళ్లవాళ్లకు తెలిసిందే. అక్కడ పైలట్ శిక్షణ సంస్థ పెట్టించాలని తమిళనాడు పరిశ్రమల అభివృద్ధి సంస్థ టిడ్కో చాలాకాలంగా అనుకుంటోంది. దాన్ని నడిపే ప్రైవేటు సంస్థ కోసం 2025లో టెండర్ కూడా పిలిచింది. అప్పటినుంచి కళుగుమలై, కయత్తారు, సాత్తూరు, విరుదునగర్ వైపు మన ఇళ్లలో ఇదే మాట. పిల్లవాడు పైలట్ అవుతాడా, ఫీజు ఎంత, పొలం అమ్మాలా, బ్యాంకు అప్పు దొరుకుతుందా అని.

ఈ మాటల్లో రన్‌వే పొడవు గురించి వింటున్నాం, విమానాల సంఖ్య గురించి వింటున్నాం. వాటిని నిలిపే ఇనుప షెడ్డు, అంటే హ్యాంగర్, గురించి మాత్రం ఎవరూ అడగడం లేదు. నిజానికి ఒక విమాన బడి ఇరవై ఏళ్లు నిలుస్తుందా, మూడేళ్లలో తాళం వేసుకుంటుందా అన్నది ముందుగా చెప్పేది ఆ షెడ్డే. దాన్ని ఎలా తలపెట్టారు, ఏ నేల మీద కట్టారు, ఏ షరతుల మీద కొన్నారు అన్నది చూస్తే నడిపేవారి ఉద్దేశం తెలిసిపోతుంది. పొలం తాకట్టు పెట్టబోయే కుటుంబానికి ఇది కంపెనీ లోపలి వ్యవహారం కాదు. తన డబ్బు వ్యవహారం.

షెడ్డు లేకపోతే ఫీజు ఎందుకు పెరుగుతుంది

మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు విమానం నడిపి ఉండాలి. ఆ గంటలు ఎన్ని నెలల్లో పూర్తవుతాయి అన్నదాని మీదే ఒక ఇంటి ఖర్చు నిలుస్తుంది. ఆలస్యమైన ప్రతి నెలకూ హాస్టల్, భోజనం, బ్యాంకు వడ్డీ తోడవుతాయి. ఆలస్యానికి వాతావరణం కొంత కారణం, శిక్షకుల కొరత కొంత కారణం. మూడో కారణం రిపేరు కోసం నిలిచిపోయిన విమానం.

శిక్షణ విమానానికి 50 గంటలకు, 100 గంటలకు ఒకసారి తనిఖీలు తప్పవు. ఒక బడిలో 6 విమానాలున్నాయనుకుందాం. ఒక్కొక్కటి నెలకు 60 గంటలు ఎగిరితే మొత్తం 360 గంటలు. అంటే నెలకు ఏడుసార్లు ఏదో ఒక విమానం తనిఖీకి లోపలికి రావాలి. ఇంజన్ మూత తీసి, నూనె మార్చి, తీగలూ గొట్టాలూ చూసే పని అది. దుమ్ములో, ఎండలో, గాలిలో ఆ పని చేయకూడదు. విమాన మరమ్మతు సంస్థలకు పౌర విమానయాన డైరెక్టరేట్, అంటే డీజీసీఏ, పెట్టిన సీఏఆర్-145 నిబంధన కూడా అదే చెబుతుంది. పనికి వాతావరణం నుంచి రక్షణ ఉండాలి, పెద్ద తనిఖీలు చేసేచోట విమానం పట్టేంత హ్యాంగర్ ఉండాలి.

తమ హ్యాంగర్ లేని బడి ఏం చేస్తుంది? విమానాన్ని మరో ఊరికి ఎగరేసుకెళ్లి చేయించాలి. పోనురాను ఇంధనం, రోజులు, అక్కడి వరుసలో నిరీక్షణ. ఆ ఖర్చు ఫీజులో కలుస్తుంది, ఆ రోజులు పిల్లవాడి లెక్కలో పోతాయి. డీజీసీఏ 2025లో శిక్షణ సంస్థలకు శ్రేణులు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు మొదటి జాబితాలో పై రెండు శ్రేణుల్లో ఒక్క సంస్థా లేదు. అందుకే కొత్త బడిని చూసేటప్పుడు బ్రోషర్ మీది బొమ్మల కంటే వెనకున్న షెడ్డును చూడటం మంచిది.

ఎంత షెడ్డు కావాలి

హ్యాంగర్ కొలతలు విమానం రెక్కల నుంచి మొదలవుతాయి. శిక్షణలో ఎక్కువగా కనిపించే సెస్నా 172 రెక్కల వెడల్పు 11 మీటర్లు, పొడవు దాదాపు 8.3 మీటర్లు, ఎత్తు 2.7 మీటర్లు. రెండింటిని పక్కపక్కన పెట్టి, మధ్యలోనూ రెండు అంచుల్లోనూ 2 మీటర్ల చొప్పున వదిలితే 28 మీటర్లు. అలాంటి వరుసలు మూడు, ముందూ వెనకా మధ్యలో మీటరున్నర చొప్పున వదిలితే దాదాపు 31 మీటర్లు. అంటే 30 మీటర్ల వెడల్పు, 32 మీటర్ల లోతు ఉన్న షెడ్డు. విస్తీర్ణం 960 చదరపు మీటర్లు, మన లెక్కలో పదివేల చదరపు అడుగులకు కాస్త ఎక్కువ. మధ్యలో ఒక్క స్తంభం ఉండకూడదు.

ఇలా నింపిన షెడ్డులో చివరి వరుస విమానం బయటికి రావాలంటే ముందున్నవాటిని కదపాలి. కదిపిన ప్రతిసారీ రెక్క కొన తగిలే ప్రమాదం ఉంది. కాబట్టి తెలివైన బడి అన్నిటినీ లోపల పెట్టదు. రెండు మూడు విమానాలకు సరిపడే మరమ్మతు షెడ్డు బాగా కట్టి, మిగతావాటిని బయట గట్టి కొక్కేలకు తాళ్లతో కట్టి నిలుపుతుంది, లేదా తేలికైన నీడ పందిళ్లు వేస్తుంది. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు అన్నిటినీ ఇరికించి లోపల పెట్టగలిగితే చాలు. మన ఊరి కల్లంలోనూ అంతే కదా. ధాన్యం అంతటికీ మేడ కట్టం, వానొస్తే దాచే చోటు మాత్రం ఉంచుకుంటాం.

ఎత్తు విషయంలో పిసినారితనం పనికిరాదు. ఈరోజు వచ్చేది సెస్నా కావచ్చు, రేపు రెండు ఇంజన్ల విమానం రావచ్చు. పెద్ద వ్యాపార విమానం కింగ్ ఎయిర్ 200కు రెక్కల వెడల్పు 16.6 మీటర్లు, తోక ఎత్తు నాలుగున్నర మీటర్లు. తలుపు తెరుపు 20 మీటర్ల వెడల్పు, 5.5 మీటర్ల ఎత్తు పెడితే అదీ పడుతుంది. తరవాత తలుపు ఎత్తు పెంచడమంటే ముందు గోడ మొత్తం విప్పి మళ్లీ కట్టడమే. లోతు పెంచడం సులువు. వెనక గోడ విప్పి మరో రెండు చట్రాలు జోడించొచ్చు, అయితే ఆ మాట మొదటి డ్రాయింగ్‌లోనే రాయించుకోవాలి.

ఎక్కడ కట్టాలన్నదానికీ నియమం ఉంది. రన్‌వే పక్కన కట్టడాలు ఒక ఊహా వాలును దాటి పైకి రాకూడదు. చూపుతోనే దిగే చిన్న రన్‌వేలకు ఆ వాలు ఐదుకు ఒకటి. షెడ్డు నడినెత్తి 8 మీటర్లుంటే, రన్‌వే చుట్టూ ఖాళీగా ఉంచే పట్టీ అంచు నుంచి అది కనీసం 40 మీటర్లు దూరం ఉండాలి. రేపు రన్‌వేను పొడిగించి స్థాయి పెంచితే ఈ దూరమూ పెరుగుతుంది. అప్పుడు కట్టిన షెడ్డే అడ్డమవుతుంది. కాబట్టి రేపటి రన్‌వే పటం లేకుండా ఈరోజు షెడ్డు స్థలం నిర్ణయించకూడదు.

కయత్తారు గాలి

ఆడి గాలికి అమ్మి రాయి కూడా ఎగురుతుందని మన వైపు అంటారు. మాట సరదాకే అయినా విషయం సరదా కాదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సెంగోట్టై కనుమ దాటి వచ్చే పడమటి గాలి వల్లనే కయత్తారు చుట్టూ గాలిమరలు లేచాయి. దేశపు గాలిమరల పరీక్షా కేంద్రం కయత్తారులో పెట్టింది కూడా ఆ గాలి కోసమే. మరను తిప్పే గాలే హ్యాంగర్ తలుపునూ నెడుతుంది.

భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో కట్టడాలకు లెక్కించవలసిన గాలి వేగం ఊళ్లవారీగా ఉంది. మదురైకి సెకనుకు 39 మీటర్లు, అంటే గంటకు 140 కిలోమీటర్లు. ఆ వేగానికి చదరపు మీటరు మీద పడే ఒత్తిడి దాదాపు 93 కిలోలు. పైన చెప్పిన 20 మీటర్ల తలుపు మీద లెక్కిస్తే 10 టన్నులకు పైనే. నేల తీరు, కట్టడం ఆకారం బట్టి వచ్చే గుణకాలు ఇంకా ఇందులో కలపలేదు.

ఇంతకంటే ముఖ్యమైనది లోపలి గాలి. మూసిన గోడౌన్‌కూ తెరిచిన హ్యాంగర్‌కూ తేడా ఇక్కడే ఉంది. తలుపు తెరిచి ఉండగా గాలి లోపలికి దూరితే పైకప్పును కిందినుంచి పైకి తోస్తుంది, వెలుపలి గాలి పైనుంచి లాగుతుంది. గోడల్లో తెరుపు చాలా తక్కువగా ఉంటే ఈ లోపలి ఒత్తిడి గుణకం 0.2 తీసుకుంటారు. గోడలో 20 శాతానికి మించిన తెరుపు ఉంటే 0.7 తీసుకోవాలి. 30 మీటర్ల వెడల్పు, 7 మీటర్ల ఎత్తు గోడలో మన తలుపు సగానికి పైగా ఉంటుంది. కాబట్టి 0.7 తప్ప మరో దారి లేదు. మామూలు గోడౌన్ డిజైన్‌కే పెద్ద తలుపు తగిలించి హ్యాంగర్ అని అమ్మితే, పైకప్పు రేకు మొదటి గాలివానకే తెలియజేస్తుంది.

రన్‌వేను సాధారణంగా ఎక్కువకాలం వీచే గాలి దారిలోనే వేస్తారు. షెడ్డు తలుపు రన్‌వే వైపు చూస్తే ఆ గాలి తలుపుకు ఎదురుగా కాక పక్క గోడకు తగులుతుంది. ఇది మేలే. అయితే చిత్తిరై, వైకాసి నెలల సాయంత్రపు గాలివాన ఏ దిక్కు నుంచైనా వస్తుంది. తలుపుకు గట్టి గడియలు, పైనా కిందా పట్టు, కరెంటు పోయినా చేత్తో మూసే ఏర్పాటు ఉండాలి. పైకి మడిచే తలుపు అందంగా ఉంటుంది గానీ దాని బరువంతా ముందు చట్రం మీద పడుతుంది. పక్కకు జరిగే రెక్కల తలుపు చౌక, మరమ్మతు తేలిక. కాకపోతే రెక్కలన్నీ జరిగి ఎక్కడ ఆగుతాయి అన్నది చూసుకోవాలి. షెడ్డు వెడల్పులోనే ఆగితే తెరుపు తగ్గిపోతుంది.

కరిసల్ నేల మోసం

ఇడైసెవల్‌లో పుట్టిన మన కి. రాజనారాయణన్ ఈ కరిసల్ నేలను, దీని మనుషులను, దీని మాటను రాసి సాహిత్య అకాడమీ పురస్కారం దాకా తీసుకెళ్లారు. మన పెద్దలు నల్లరేగడి అన్నది ఇదే. పత్తికి, మినుముకు, కొర్రకు ఇంతకంటే మంచి నేల లేదు. ఇనుప కట్టడానికి మాత్రం ఇది గడుసు నేల. వాన పడితే ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని కర్ర దిగేంత పగుళ్లు తీస్తుంది. పాత ఇళ్ల గోడల్లో తలుపు మూలల నుంచి ఏటవాలుగా పాకే బీటలు మనం చిన్నప్పటినుంచీ చూసినవే.

హ్యాంగర్‌కు ఇది రెండు విధాల దెబ్బ. మొదటిది, ఇనుప షెడ్డు తేలిక. బరువైన రాతి ఇల్లు నేల ఉబ్బును కొంతైనా అణిచిపెడుతుంది. తేలికపాటి షెడ్డు పునాదిని నేల సులువుగా ఎత్తేస్తుంది. పైగా గాలి కూడా దాన్ని పైకే లాగుతుంది. రెండోది, తలుపు. కింద వేసిన పట్టా కొన్ని మిల్లీమీటర్లు లేచినా, దిగినా టన్నుల బరువున్న రెక్క బిగుసుకుపోతుంది. మూయవలసిన రోజున మూతపడని తలుపు అంటే లోపల కోట్ల విలువైన విమానాలు గాలికి వదిలినట్టే.

దీనికి మందు మన దేశంలోనే ఉంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ నల్లరేగడి కోసమే అండర్ రీమ్డ్ పైల్ పద్ధతిని అభివృద్ధి చేసింది. నేలలో తేమ మారని లోతుదాకా గుంత తవ్వి, కింద ఉల్లిగడ్డలా ఉబ్బెత్తు చేసి కాంక్రీటు పోస్తారు. పై పొర ఎంత ఉబ్బినా కింది గడ్డ స్తంభాన్ని కదలనివ్వదు. ఐఎస్ 2911 మూడో భాగం దీని ప్రమాణం. తరవాత గచ్చు. నల్లమట్టిని కొంతలోతు తీసేసి, ఉబ్బని గ్రావెల్ మట్టి పొరలు పొరలుగా దిమ్మిస చేసి, దాని మీద కాంక్రీటు పరచాలి. తలుపు పట్టా కింద గచ్చును వదిలేసి పైల్స్ మీద నిలిచే విడి దూలం వేస్తే మరీ మంచిది.

ఇదంతా ఖర్చే. ఇనుము ధర తెలిసినంతగా ఈ ఖర్చు ముందుగా ఎవరికీ తెలియదు, ఎందుకంటే మట్టి పరీక్ష చేస్తేగానీ చెప్పలేరు. అందుకే మట్టి పరీక్ష మొదటి పని. రన్‌వే ఉన్నచోట అప్పట్లో చేసిన పరీక్ష చాలదు. షెడ్డు నాలుగు మూలల్లో, తలుపు వరుసలో బోరు వేసి చూడాలి. నల్లాట్టిన్‌పుత్తూరులో 1984 నుంచి నేషనల్ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ఈ మట్టిని రోజూ తొక్కే పిల్లలు అక్కడ సివిల్ చదువుతున్నారు. ఈ మట్టి గురించి దూరపు కన్సల్టెంటును అడిగేముందు దగ్గరివాళ్లను అడగడం తప్పు కాదు.

నీటి దారి మరో మాట. 960 చదరపు మీటర్ల పైకప్పు మీద ఒక రోజు 50 మిల్లీమీటర్ల వాన పడితే 48,000 లీటర్ల నీరు కిందికి వస్తుంది. అది పునాది పక్కనే ఇంకితే ఒకవైపు నేల ఉబ్బి, రెండోవైపు పొడిగా ఉండి షెడ్డు వంకరపోతుంది. 2023 డిసెంబరులో మన తూత్తుకుడి జిల్లా కాయల్‌పట్టినంలో ఒక్క రోజులో 90 సెంటీమీటర్లకు పైగా వాన పడిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. కాబట్టి గట్టర్లు, కాలువలు మొదటి డ్రాయింగ్‌లోనే ఉండాలి. ఆ నీరు ఊరి కణ్మాయికి చేరేలా దారి చేస్తే బడికీ మేలు, ఊరికీ మేలు.

కళుగుమలై వెట్టువాన్ కోవిల్‌ను కొండ పైనుంచి కిందికి చెక్కారు. శిఖరం పూర్తయింది, కింది భాగం ఆగిపోయింది, అయినా పన్నెండు వందల ఏళ్లుగా నిలిచే ఉంది. కింద ఉన్నది కొండ కాబట్టి. కరిసల్ మీద ఆ వరస పనికిరాదు.

కొనేటప్పుడు జరిగే మోసాలు, మరిచే లెక్కలు

ఇప్పుడు ఇలాంటి షెడ్లు ఎక్కువగా ప్రీ ఇంజనీర్డ్ పద్ధతిలో వస్తాయి. ఫ్యాక్టరీలో ఉక్కు పలకలు కోసి, అతికి, రంధ్రాలు వేసి, రంగు పూసి లారీల్లో పంపుతారు. ఇక్కడ క్రేన్‌తో ఎత్తి బోల్టులు బిగిస్తారు. ఈ రంగంలో దేశంలోనే పెద్ద ఫ్యాక్టరీలు కొన్ని హైదరాబాద్ పక్కన ఉన్నాయి. కిర్బీ ఫ్యాక్టరీ పాశమైలారంలో, పెన్నార్ ఫ్యాక్టరీ సదాశివపేటలో. తమిళనాడులోనే శ్రీపెరుంబుదూరులో ఇంటరార్చ్ ఉంది. హైదరాబాద్ మీదుగా వచ్చే 44వ నంబరు జాతీయ రహదారే మదురై, విరుదునగర్, సాత్తూరు దాటి కోవిల్‌పట్టి చేరుతుంది. మన పూర్వీకులు బండ్ల మీద నెలల తరబడి దిగివచ్చిన దూరం ఉక్కు చట్రానికి కొన్ని రోజుల ప్రయాణం. ఎవరి దగ్గర కొన్నా సరే, కొనే పద్ధతి ముఖ్యం.

మొదటి చిక్కు కిలో లెక్క. ఒకరు 30 టన్నుల షెడ్డుకు ధర చెబుతారు, మరొకరు 36 టన్నులకు చెబుతారు అనుకుందాం. మొదటిది చౌక. కానీ మొదటివారు తలుపు మూసి ఉన్నట్టు లెక్కించి 0.2 గుణకం వేసుకున్నారేమో, రెండోవారు 0.7 వేసుకున్నారేమో. రెండూ ఒకే వస్తువు కాదు. కాబట్టి ధర అడిగేముందు కొనేవారే ఒక కాగితం రాసి అందరికీ ఒకటే ఇవ్వాలి. గాలి వేగం ఎంత, లోపలి గుణకం ఎంత, ఏ ప్రమాణం, ఉక్కు ఏ తరగతి, రేకు మందం ఎంత, పూత ఎంత, తలుపు తెరుపు ఎంత, పైకప్పుకు వేలాడదీసే బరువు ఎంత. అందరూ ఆ కాగితానికే ధర చెప్పాలి.

రెండో చిక్కు ధరలో లేనివి. ఉక్కు షెడ్డు ధరలో చాలాసార్లు పునాది ఉండదు. తలుపు విడిగా మరో కంపెనీది కావచ్చు. దించే క్రేన్, బిగించే కూలీ, బీమా, కరెంటు పని, మంటలార్పే ఏర్పాటు, పిడుగు తీగ విడివిడిగా వస్తాయి. మీద 18 శాతం జీఎస్టీ. కరిసల్ మీద పునాది, గచ్చు, తలుపు కలిపితే ఉక్కు ధరకు దీటుగా నిలవొచ్చు. మొదటి కాగితం మీది అంకె చూసి బడ్జెట్ వేసుకున్నవారు గచ్చు దగ్గర కోత పెడతారు. కోత పెట్టకూడని చోటు సరిగ్గా అదే.

మూడోది బాధ్యత ఎవరిదన్నది. చట్రం ఒకరిది, తలుపు ఒకరిది, పునాది ఒకరిది అయితే, తలుపు బిగుసుకున్న రోజు ముగ్గురూ ఒకరినొకరు చూపిస్తారు. యాంకర్ బోల్టులు కొద్దిగా పక్కకు పోయినా స్తంభం కూర్చోదు. అందుకే బోల్టుల అచ్చును ఉక్కు కంపెనీయే పంపాలి, కాంక్రీటు పోసేముందు వారి మనిషే కొలిచి సంతకం చేయాలి. తలుపు కంపెనీ తన బరువులను చట్రం డిజైన్ చేసేవారికి ముందే ఇవ్వాలి. మొత్తం లెక్కలను అమ్మేవారితో సంబంధం లేని స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి సంతకం పెట్టాలి. డబ్బు కూడా డ్రాయింగ్ ఆమోదం, సరుకు రాక, నిలబెట్టడం, తలుపు పరీక్ష అని మెట్లు మెట్లుగా ఇవ్వాలి. చివరి వాయిదా ఒక వానాకాలం గడిచాక ఇస్తే కరిసల్ తన తీర్పు తానే చెబుతుంది.

గుడ్డ హ్యాంగర్ వేస్తే చౌక కదా అని కొందరు అంటారు. నీడకు అది చాలు. మన ఎండకు, ఆడి గాలికి గుడ్డ ఎన్నాళ్లు ఆగుతుంది, మార్చే ఖర్చు ఎవరిది అని కూడా రాసి చూసుకోవాలి. మొదటి ఏడాదికి గుడ్డ, తరవాత ఉక్కు అని తేదీతో సహా ఒప్పందంలో ఉంటే అభ్యంతరం లేదు.

విప్పి తీసుకుపోయే షెడ్డు

బోల్టులతో బిగించిన షెడ్డుకు ఒక గుణం ఉంది. విప్పి మరోచోట బిగించొచ్చు. 1930లలో బ్రిటన్ తన బెల్మన్ హ్యాంగర్లను ఇలా తరలించడానికే తయారు చేసుకుంది. యుద్ధం ఎటు కదిలితే షెడ్డు అటు కదిలేది. కయత్తారు దగ్గర కూడా రెండవ ప్రపంచ యుద్ధంలో విమానాలు దిగాయి. యుద్ధం అయ్యాక అంతా పోయింది, నేల మిగిలింది.

ఇప్పుడు నేల ఒకరిది, బడి నడిపేది ఒకరు. లీజు ఎన్నేళ్లు? లీజు చిన్నదైతే ఏ కంపెనీ మంచి పైల్ పునాది మీద డబ్బు పెట్టదు. పైల్స్‌ను విప్పి తీసుకుపోలేం కదా. చౌక గచ్చు వేసి, విప్పే షెడ్డు నిలిపి, లెక్క కుదరకపోతే లారీలో వేసుకుని వెళ్లిపోతుంది. లీజు పొడవుగా ఉండి, గడువు తీరాక షెడ్డు విలువ ఎవరికి ఎంత అని ముందే రాసుంటే, అదే కంపెనీ గట్టిగా కడుతుంది. ప్రభుత్వమే పునాది, గచ్చు వేసి ఇచ్చి, ఉక్కు భాగం నడిపేవారికి వదిలేయడం మూడో దారి. నాకు ఇదే మంచిదనిపిస్తుంది. నేల ప్రమాదాన్ని నేలలో ఉండేవారు మోస్తారు, వ్యాపార ప్రమాదాన్ని వ్యాపారి మోస్తాడు.

పోటీ కూడా ఉంది. విమానాశ్రయాల సంస్థ 2020లో శిక్షణ బడుల నుంచి ఆదాయ వాటా తీసుకోవడం ఎత్తేసింది. 2022 విడతలో సేలం, కడప విమానాశ్రయాలనూ ఈ బడులకు ఇచ్చింది. తూత్తుకుడిలో 2025 జులైలో కొత్త టెర్మినల్ తెరిచారు, పెద్ద విమానాల పని అక్కడికే పోతుంది. కోవిల్‌పట్టికి మిగిలిన బలం ఖాళీ ఆకాశం, చౌక నేల, పని తెలిసిన మనుషులు. ఆ బలం ఒక మంచి మరమ్మతు షెడ్డు చుట్టూనే పెరుగుతుంది.

మన ఇళ్లకు ఇందులో ఏముంది

మన కమ్మవారు, రెడ్లు, రాజకంబళ నాయకర్లు, దేవాంగులు, అరుంధతీయులు ఈ నేలలో పత్తి వేశారు, మిల్లులు పెట్టారు, అగ్గిపెట్టె కంపెనీల్లో పనిచేశారు. కోయంబత్తూరులో జి. కుప్పుస్వామి నాయుడు మొదలుపెట్టిన లక్ష్మీ మిల్లు కోవిల్‌పట్టికీ వచ్చి ఎన్ని కుటుంబాలకు అన్నం పెట్టిందో ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. మిల్లు వచ్చినప్పుడు అందరూ యజమానులు కాలేదు. ఫిట్టర్లు, టర్నర్లు, ఎలక్ట్రీషియన్లు అయ్యారు. వారి పిల్లలు ఇంజనీర్లు అయ్యారు.

విమాన బడీ అంతే. పైలట్ అయ్యేది కొందరే, ఆ కోరికకు ఖర్చు లక్షల్లో. హ్యాంగర్‌లో పని చేసే మెకానిక్కులు, రేకు పనివారు, స్టోరు చూసేవారు, లైసెన్సు ఉన్న విమాన మరమ్మతు ఇంజనీర్లు ఎక్కువమంది కావాలి, ఏళ్ల తరబడి కావాలి. పొలం అమ్మకుండా ఈ ఆకాశంలోకి వెళ్లే దారి అది. మరమ్మతు హ్యాంగర్ లేని బడి ఆ దారిని మూసేస్తుంది. అందుకే హ్యాంగర్ కోరడం మన పిల్లల పని కోరడమే.

కాబట్టి మే 1న గానీ, ఆగస్టు 15న గానీ, ఏ గ్రామసభలోనైనా సరే అడగవలసినవి ఇవి. మరమ్మతు హ్యాంగర్ మొదటి దశలోనే ఉందా, తరవాతి దశకు తోసేశారా? మట్టి పరీక్ష నివేదిక ఎక్కడ? గాలి లెక్కలో తలుపు తెరిచి ఉన్నట్టు తీసుకున్నారా? పైకప్పు నీరు ఏ కణ్మాయికి పోతుంది? లీజు ఎన్నేళ్లు, చివర షెడ్డు ఎవరిది? మరమ్మతు పనిలో స్థానిక ఐటీఐ పిల్లలకు అప్రెంటిస్ చోటు ఎంత? జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద టిడ్కోకు అర్జీ పెట్టొచ్చు.

ఫీజు కట్టబోయే ఇంటివారు మరొక్క పని చేయాలి. చేరేముందు ఒక పనిదినాన బడికి వెళ్లి హ్యాంగర్ తలుపు తెరిచి మూయమనండి. రెక్క సాఫీగా జరిగితే, లోపల మూత తీసిన ఇంజన్ దగ్గర మనుషులు పనిచేస్తూ కనిపిస్తే, గచ్చు మీద బీటలు లేకపోతే మాట్లాడండి. తలుపు సగంలో ఆగి, లోపల కుర్చీలు పేర్చి ఉంటే, పొలం పట్టా బీరువాలోనే ఉండనివ్వండి.